రెండోసారి పిలవని సీమ

నేను వెళ్లివచ్చిన చోటికి ఎవరూ ముచ్చటపడి పోరు. అక్కడ చూడదగిన కట్టడం లేదు, కొని తెచ్చుకోదగిన వస్తువు లేదు, తిండి అసలే బాగోదు. అయినా రాస్తున్నాను. ఆ ప్రయాణంలో నాకు మేలు చేసినవాళ్లు కొందరున్నారు. వాళ్ల ముఖాన ఆ మాట చెప్పడం నాకు చేతకాలేదు.

ఆ చోటి పేరు బూడిదసీమ. అది ఉదయగిరిలో, ఒక జిరాక్సు షాపు మేడమీద ఉంది.

నమ్మనివారి కోసం కొంచెం వివరంగా చెబుతాను. అది ఒక ఆట. తెర లేదు, మీటలు లేవు. ఒకరు లోకాన్ని కళ్లకు కట్టినట్టు చెబుతారు, అందులో ఎదురయ్యేవాళ్లందరి మాటలూ తామే పలుకుతారు. మిగతావాళ్లు ఆ లోకంలో ఒక్కో మనిషిగా దిగి, ఏం చేస్తారో, ఏం మాట్లాడతారో నోటితో చెబుతారు. గెలుస్తారో ఓడతారో తేలనప్పుడు పాచిక వేస్తారు. ఆ లోకంలో రాజ్యాలున్నాయి, అడవులున్నాయి, రాక్షసులున్నారు. ఆటలో చచ్చినవాళ్లు పోయే చోటు కూడా ఉంది. అదే బూడిదసీమ.

నన్ను రమ్మన్నది మా అక్క కూతురు శ్రావణి. ఆత్మకూరులో చిన్న ఉద్యోగం.

"మామా, రెండు మూడు రోజులు లీవు దొరుకుద్దా? ఒక మనిషి తక్కువైనాడు."

"దేనికి?"

"నరకానికి."

మా ముత్తాతగారి కాలంలో ఉదయగిరి కొండ కింద మాకు ఊళ్లుండేవి. ఇప్పుడు ఆ ఊళ్ల పేర్లు నోటికి రావడం తప్ప ఏమీ లేదు. నేను నెల్లూరులో ఒక బియ్యం మిల్లులో పనిచేస్తాను. పొలం పోయినా, పరివారం పోయినా, మా ఇంటి మర్యాదలు మాత్రం నేను పోనివ్వలేదు. కుర్చీలో వెనక్కి వాలకూడదు. ఎవరినీ ఏదీ అడగకూడదు. ఎవరింట్లోనూ మొదటి పిలుపుకే లేచి విస్తరి ముందు కూర్చోకూడదు. "మొదటి పిలుపు గడపకురా, రెండోది మనిషికి" అనేది మా నాయనమ్మ. అందుకని ఎవరేం పెట్టినా ముందు వద్దంటాం. వాళ్లు మళ్లీ అడుగుతారు. అప్పుడు సరే అంటాం. ఈ జిల్లాలో అందరికీ తెలిసిన పద్ధతే ఇది, మా ఇంట్లో కొంచెం ఎక్కువ.

ఆ పద్ధతి మూటగట్టుకునే నేను సీమకు బయల్దేరాను.

ఆత్మకూరు

శ్రావణి నన్ను ముందు పద్మ ఇంటికి తీసుకుపోయింది. పద్మ జాకెట్లు కుడుతుంది. నలభై దాటి ఉంటాయి. మాట్లాడుతున్నా మిషను ఆపదు.

ఆమె భర్త ఓబులేసు బద్వేలు రోడ్డులో లారీ నడిపేవాడు. ఆదివారమైతే ఉదయగిరి పోయి శ్రావణితో, ఇంకో స్నేహితుడితో ఈ ఆట ఆడేవాడు. ఆటలో అతను పెన్నయ్య అనే పడవవాడు. ఒక ఆదివారం పెన్నయ్య ఆటలో చచ్చి బూడిదసీమకు పోయాడు. "వచ్చే వారం పోయి తెచ్చుకుందాంలే" అనుకుని నవ్వుకుంటూ లేచారట. వచ్చే వారానికి ఓబులేసు కామెర్లతో నెల్లూరు ఆసుపత్రిలో ఉన్నాడు. అక్కడినుంచి తిరిగి రాలేదు. ఇది జరిగి ఏడాది.

"అంటే ఆ పెన్నయ్య ఇంకా అక్కడే ఉన్నాడా?" అని అడిగాను.

పద్మ అప్పుడు మిషను ఆపింది. "ఆడే ఉండాడు సార్. నాకు ఈ మజ్జనే తెలిసింది. ఆట ఆటేలే, నాకు తెలీదా. ఆయన పోయినాడు, ఆయన్ని నేను తేలేను. ఆ పెన్నయ్యను తేవచ్చంట గదా? తేగలిగినోడిని ఆడ వదిలేసి, నేనీడ గుండీలు కుట్టుకుంటా కూచోవాల్నా?"

ఆ లోకం నియమం ప్రకారం ముగ్గురికి తక్కువైతే సీమలోకి దిగనివ్వరు. శ్రావణి ఒకరు, ఎన్నడూ ఆడకపోయినా పద్మ ఒకరు. వెనక ఆడిన స్నేహితుడు ఇప్పుడు పరాయి ఊళ్లో ఉన్నాడు. అందుకని మూడో మనిషిని నేను.

"టీ పెట్టేదా?" అంది పద్మ.

"ఎందుకమ్మా, ఇప్పుడే తాగాను" అన్నాను. తాగలేదు.

"తాగితే తాగినారు, ఇంకోటి తాగండి" అని పెట్టింది. అల్లం దండిగా వేసిన టీ. దాని రుచి నాకిప్పటికీ నాలుక మీద ఉంది.

మేడమీద

మర్రిపాడు దగ్గర పద్మ ఎవరికో కుట్టిన బట్టలిచ్చి వచ్చేదాకా ఆగి, ఎండ ముదరకముందే ఉదయగిరి చేరాం. కొండ కనబడగానే మా ఊళ్ల పేర్లు వరసగా చెప్పాను. శ్రావణి చిన్నప్పటినుంచీ విన్నదే, ఓపికగా మళ్లీ వింది.

జిరాక్సు షాపు యజమాని మస్తాన్. ఆ లోకాన్ని కట్టింది అతనే. హైదరాబాదు హాస్టల్లో ఎవరో ఏదో విదేశీ ఆట ఆడుతుంటే చూసి నేర్చుకుని, ఇక్కడికొచ్చి సొంతంగా ఒకటి అల్లుకున్నాడు. పాత ఫ్లెక్సీ బ్యానరు తిరగేసి దాని వెనక సీమ పటం గీశాడు. ఉదయగిరి చెక్క గరిటెలు మీలో చాలామంది వంటింట్లో ఉండే ఉంటాయి. అతని తల్లి అవి చెక్కే మనిషి. ఆమె మాకు ఒక్కొక్కరికి బొటనవేలంత చెక్కబొమ్మ చేసిపెట్టింది. నా బొమ్మ కొంచెం ముందుకు వంగి ఉంది.

"ఇది వంగిందే" అన్నాను.

"చెక్క అట్ట ఉండాది సార్. నన్నేం చేయమంటారు?" అందామె.

పద్మ తెచ్చిన గుండీలు మస్తాన్ మా ముందు రంగురంగులుగా పోశాడు. ఒక్కో గుండీ ఒక్కో కోరిక. సీమలో డబ్బు చెల్లదు. ఏది కావాలన్నా మనసులో నిజంగా ఉన్న కోరిక ఒకటి పైకి చెప్పి, గుండీ ఇచ్చి, ఆ కోరికను అక్కడే వదిలేయాలి. అక్కడ ధరలన్నీ ఇంతే. అంతకుమించి నియమాలేవీ అతను చెప్పలేదు. "పోయినాక మీకే తెలుస్తాది" అన్నాడు.

పొలిమేర

సీమలో మొదట కనబడేది ఆకాశం. అది కడిగిన సత్తు గిన్నె రంగులో ఉంటుంది. సూర్యుడు లేడు, కాని చీకటీ పడదు. నేల బూడిద. అడుగు వేస్తే అచ్చు పడదు. మస్తాన్ గొంతు మామూలుగా సన్నగా ఉంటుంది. సీమ గురించి చెప్పేటప్పుడు అందులో ఎత్తూ పల్లమూ పోతాయి. పక్క వీధిలో ఆటో హారను వినబడుతున్నా నాకు చెమట పట్టింది.

కావలివాడు "ఎవరి తాలూకు?" అన్నాడు. నేను లేచి నిలబడి నా వంశం చెప్పాను. అతను చివరిదాకా విని, "ఈళ్లలో శానామంది లోపలే ఉండారు, పో" అన్నాడు. శ్రావణి చున్నీతో నోరు మూసుకుంది.

పొలిమేర దాటగానే ఒక అవ్వ మట్టి చిప్పలో గంజి పట్టుకుని ఎదురొచ్చింది. "తాగుతావా?" అంది నన్ను.

"వద్దవ్వా, ఇప్పుడే తాగాను" అన్నాను.

అవ్వ చిప్ప తీసుకుని వెళ్లిపోయింది. మస్తాన్ నా ముందునుంచి ఒక గుండీ తీసేశాడు.

"ఇదేంది? మళ్లీ అడగదా?"

"అడగదు."

"మరీ అంత మర్యాద లేకుండానా?"

"సీమలో ఎవురూ రెండోసారి అడగరు సార్. ఆడి చట్టమే అది. వద్దంటే వద్దే. వద్దన్న కోరిక చచ్చిపోతాది."

పద్మను అడిగినప్పుడు ఆమె "పొయ్యవ్వా, నిండుగా పొయ్" అంది. తాగాక గంజి ఎట్లా ఉందని అడిగాను. మస్తాన్ చెప్పాడు: ఉప్పగా లేదు, చప్పగా లేదు, వేడి లేదు, చల్లన లేదు. పద్మ ముఖం చిట్లించి, "ఆసుపత్రి క్యాంటీను" అంది.

తెలిసిన తరువాత కూడా నేను అదే తప్పు చేశాను. ఒకడు నీడ చూపించాడు, పర్వాలేదన్నాను. ఒకడు దారి చూపిస్తానన్నాడు, మీకెందుకు శ్రమ అన్నాను. నోరు నా మాట వినలేదు. గుండీలు పోతూనే ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం మస్తాన్ వాళ్లమ్మ అన్నం తెచ్చింది. రాగి సంగటి, తలకాయ కూర. నేను వద్దంటే, "వద్దంటే ఎవురు వింటారు? పెట్టేసినాను" అంది. సీమనుంచి వచ్చిన మనిషికి ఆ మాట ఎంత తియ్యగా ఉంటుందో మీరు పోతే గాని తెలియదు.

తింటూ మస్తాన్‌ను అడిగాను, ఈ చట్టం ఎట్లా తోచిందని.

"నూనె కొప్పెరలు, ఇనప ముళ్లు మీ కతల్లో ఉండాయి, మా కతల్లో ఉండాయన్నా. వాటికి నేను భయపడలా. హాస్టల్లో చేరిన కొత్తల్లో ఒకడు బిర్యానీ పొట్లం విప్పి తింటావా అన్నాడు. వద్దులే అన్నాను. వాడు సరే అని మొత్తం తినేసినాడు! నేను ఆకలితో పండుకున్నా. ఆ పొద్దు తెలిసింది నాకు, నరకం ఎట్లుంటాదో."

మేమంతా నవ్వాం. సార్ అనే మనిషి అన్నా అన్నాడని నాకు తరువాత గుర్తొచ్చింది.

రేవు

మరునాడు ఒక ఏరు అడ్డమొచ్చింది. నీళ్లు పారుతున్నట్టే ఉంటాయి, చప్పుడు ఉండదు. రేవులో పడవవాడు మనిషికో కోరిక అడిగాడు.

శ్రావణి ఎర్ర గుండీ ఇచ్చింది. "మా బస్టాండు దగ్గర బండిమీద కారం దోశ. రోజూ కావాలి నాకు." పద్మ పచ్చది ఇచ్చింది. "మోటారు మిషను."

నా వంతు వచ్చింది. "నాకు కావలసిందేమీ లేదు" అన్నాను. అది అహంకారంతో అన్న మాట కాదు. మాకు నేర్పిన మాట అదే.

"అట్టయితే నువ్వు బీదోడివి. దిగు" అన్నాడు పడవవాడు.

నా జీవితంలో ఆ మాట ఎవరూ నన్ను ముఖంమీద అనలేదు. గోడవైపు చూస్తున్నాను. శ్రావణి ఇంకో గుండీ పెట్టేసింది. "మా మామది కూడా నేనే ఇస్తా. ఒకసారి విమానం ఎక్కాలని ఉండాది నాకు. తీసుకో."

"నీకు విమానం ఎక్కాలని ఉందా?" అన్నాను.

"నువ్వెప్పుడన్నా అడిగినావా మామా?"

ఏరు దాటాం.

కుర్చీలో పెద్దమనిషి

అవతలి గట్టున ఒక పందిరి. పందిరి బయట కుర్చీలో ఒక పెద్దాయన నిటారుగా కూర్చుని ఉన్నాడు. వీపు కుర్చీకి ఆనలేదు. ఎవరికోసమండీ అని నేనే పలకరించాను.

"లోపల భోజనాలు జరుగుతున్నాయి. పిలిచారు. ఇప్పుడే తిని వచ్చానన్నాను. మళ్లీ పిలుస్తారు గదా."

"ఎప్పుడు పిలిచినారు తాతా?" అంది శ్రావణి.

"ఇందాకనే."

కుర్చీ కాళ్లచుట్టూ బూడిదరంగు గడ్డి అల్లుకుందని, అది ఆయన పాదాల్లోంచి మొలిచిందని మస్తాన్ చెప్పాడు. నన్ను చూడకముందే తాను ఆ పెద్దాయన్ను అక్కడ కూర్చోబెట్టానని తరువాత ఒట్టేసి చెప్పాడు. ఆ సమయంలో మాత్రం గదిలో ఎవరూ నావైపు చూడలేదు. చూడనందుకు వాళ్లకు రుణపడి ఉన్నాను.

మంద

మర్రిపాడు మెట్టల్లో రాత్రిళ్లు గొర్రెల మంద కడతారు. పొలానికి ఎరువవుతుందని రైతే పిలిచి కట్టించుకుంటాడు, కాపరులకు అన్నం పెడతాడు. ఎంతో మంచి పద్ధతి. బూడిదసీమ దొరలు అదే పద్ధతిలో చచ్చినవాళ్లను మంద కడతారు. వాళ్లలో మిగిలిన కాస్త ఆశ, కాస్త రుచి, కాస్త బెంగ నేలలోకి ఇంకిపోతాయి. ఆ నేలమీద నల్లటి పైరు పండుతుంది. దొరలు అది తిని బతుకుతారు. అంతకన్నా పాడు వ్యవసాయం నేను వినలేదు.

మందలో పెన్నయ్య కనబడ్డాడు. మోకాళ్లు పట్టుకుని కూర్చున్నాడు. అతని బొమ్మను మస్తాన్ పటంమీద పెట్టాడు. అది ఓబులేసు ఆడిన బొమ్మే. చేతులు తగిలి తగిలి నున్నబడి ఉంది. పద్మ దాన్ని తాకలేదు.

కాపరి గొంగడి కప్పుకుని అడ్డమొచ్చాడు. "ఒకసారి పిలుసుకో. వస్తే తీసుకుపో. రెండోసారి పిలవడం ఈడ తప్పు. పిలిచి తీరాలంటే పిలుపుకొక కోరిక పెట్టి పిలువు."

పద్మ చీర చెంగు సర్దుకుంది. నిజంగా గుమ్మంలో నిలబడి పిలిచినట్టే పిలిచింది. "ఏమయ్యా, లే. పోదాం."

మస్తాన్ కళ్లు దించుకుని, పెన్నయ్య గొంతుతో అన్నాడు: "వద్దులే."

"ఆయన అట్నేలే అనేది. అన్నం పెట్టేదా అంటే వద్దులే అంటాడు, పెడితే చట్టి ఖాళీ చేస్తాడు." గుండీ పెట్టింది. "మిద్దెమీద ఒక రూము ఏసుకోవాలని. తీసుకో. ఏమయ్యా, నిన్నే. లే."

"వద్దులే."

"మోకాళ్ల నొప్పి పోవాలని. లెయ్యవయ్యా!"

"వద్దులే."

పద్మ దగ్గర ఒక్క గుండీ మిగిలింది. దాన్ని చేతిలోకి తీసుకుని చూసి, పిడికిలి మూసేసింది. "ఇది మా పాప నర్సింగు సీటు. ఆటయినా సరే, ఇది నేనియ్యను."

శ్రావణి తన ఆఖరుది పెట్టి పిలిచింది. ఆమె కోరిక ఏమిటో రాయనని మాట ఇచ్చాను. "వద్దులే" అన్నాడు పెన్నయ్య.

ఇక నా ముందున్న తెల్ల గుండీ ఒక్కటే. అది చెల్లకపోతే పెన్నయ్య మందలోనే ఉండిపోతాడు. పద్మ నావైపు చూసింది.

"లోకమంతా సుఖంగా ఉండాలి" అన్నాను.

కాపరి తల అడ్డంగా ఊపాడు. "అది నీది కాదు. అందురిదీ."

"మా ఊళ్లు మాకు తిరిగి రావాలి."

మస్తాన్ కాపరి గొంతు వదిలేసి మామూలుగా అడిగాడు. "నిజంగానా అన్నా?"

నేను ఆలోచించాను. నిన్న కొండ కనబడ్డప్పుడు చెప్పిన ఊళ్లలో ఒక్క ఊరి దారి కూడా నాకు తెలియదు. "కాదు" అన్నాను.

ఫ్యాను తిరుగుతోంది. కింద ఎవరో ఆధార్ కార్డు జిరాక్సు కావాలని కేకేస్తున్నారు. మస్తాన్ వాళ్లమ్మ "తరవాత రా పో!" అని పైనుంచే అరిచింది.

"మా వీధిలో నన్ను భోజనానికి పిలిచేవాళ్లు" అన్నాను. "నేను వద్దనేవాణ్ని. మళ్లీ పిలిచేవాళ్లు కూడా. ఎప్పుడో మానేశారు. వాళ్లను అనడానికేం లేదు, ఎవరైనా ఎన్నిసార్లని పిలుస్తారు? మళ్లీ ఎవరైనా ఒకసారి... రెండుసార్లు పిలవాలి. నాకదే కావాలి."

వీపు నిటారుగానే ఉంది. గొంతే కొంచెం వంగింది.

మస్తాన్ గుండీ తీసుకున్నాడు. "చెల్లింది. పిలువన్నా."

నా పిలుపుకు అతనెందుకు వస్తాడు? "అమ్మా పద్మా, నా బదులు నువ్వు పిలువు. నాకీ సాయం చెయ్యి" అన్నాను. ఒక మనిషిని నోరు తెరిచి సాయం అడగడం నాకదే మొదలు.

పద్మ బొమ్మమీదికి వంగింది. ఈసారి గొంతు పెంచలేదు.

"వద్దులే అంటే ఊరుకున్నానా నేనెప్పుడన్నా? అన్నం చల్లారిపోతా ఉండాది. లే."

మస్తాన్ ఆ లోకానికి కర్త, ఏ మాటైనా అనగలడు. అయినా ఆ ఒక్క మాట అతనికి అంత తేలికగా రాలేదు.

"వస్తా ఉండు" అన్నాడు చివరికి.

పద్మ అప్పుడు బొమ్మను చేతిలోకి తీసుకుంది.

తిరుగుదారి

తిరుగు రేవుకు ధర లేదు. తిరిగివచ్చేవాళ్లు లేక ఎవరూ పెట్టలేదు. పొలిమేర దాటగానే పెన్నయ్యకు ముందు చొక్కా రంగు వచ్చింది, తరువాత ఆకలి వచ్చింది. ఎక్కడ దించమంటావక్కా అని మస్తాన్ అడిగితే, "సోమశిల డ్యాము కింద, ఏటి గట్టున" అంది పద్మ. మస్తాన్ అక్కడ దించాడు. సీమ పటం చుట్టి అటకమీద పెట్టాడు.

పద్మ ఆ రాత్రి బస్సుకే ఇంటికి పోయింది. మరునాడు మేం ఆత్మకూరులో దిగగానే ఎదురొచ్చి అంది, "అన్నం తిని పోండి సార్."

"ఎందుకమ్మా శ్ర..." అని ఆగిపోయాను.

శ్రావణి పకపక నవ్వింది. "మామా, నీ కోరిక ఆడ వదిలేసి వచ్చినావు. ఇంక నీకు చెల్లదు!"

"ఆట ఆటేలే. రాండి, రాండి" అంది పద్మ.

ఏటి చేపల పులుసు. ముందురోజు రాత్రే వచ్చి చేసిపెట్టిందట, పులుసు నిలవుంటేనే రుచి. నేను పీటమీద కూర్చుని, గోడకు ఆనుకుని, మూడుసార్లు వడ్డించుకుని తిన్నాను. మీరెవరైనా అటు పోదలిస్తే మస్తాన్ కాదనడు. అయితే ఎవరేం పెట్టినా మొదటిసారే తీసుకోండి. నేను చెప్పగల సలహా అంతే.

మేం తింటుండగానే పద్మ ఎడమచేత్తో ఫోను తీసింది. మస్తాన్‌కు చేసి, స్పీకరు పెట్టింది.

"ఏందక్కా?"

"ఆయన ఏం చేస్తా ఉండాడు ఇప్పుడు?"

"గట్టుమీద కూచోని ఉండాడక్కా. నువ్వే గదా దించమన్నావు."

"ఊరికేనా? ఊరికే కూచుంటే ఆయనకు తిక్క పుడతాది, మనుషులమీద అరుస్తాడు. పడవ ఇప్పించు. పాతదైనా పర్లేదు, ఆయనే బాగు చేసుకుంటాడు."

"సరేక్కా. ఇస్తా."

"ఇప్పుడే ఇయ్యి."

"ఇచ్చినాను."

పద్మ ఫోను పక్కన పెట్టి, నా పళ్లెంలో ఇంకో ముక్క వేసింది.